షెర్లీ బరువు తగ్గిన విధం

బంటింగ్,
11 ఫిబ్రవరి 2024

ప్రియమైన లూసీ పిన్నికి,

ఫోను ఉండగా ఈ ఉత్తరం ఏమిటని కంగారు పడకు. నా ఫోను రోజూ సాయంత్రం గిడియన్ చేతిలోకి వెళ్తుంది. ఎవరితో ఎంతసేపు మాట్లాడానో చూస్తాడు. నీతో మాట్లాడాలన్నా స్పీకర్ పెట్టమంటాడు. అందుకే ఎస్టేట్ ఇంట్లో నువ్వు పలక మీద దిద్దించిన తెలుగును ఇన్నాళ్ళకు బయటికి తీశాను. తప్పులుంటే నవ్వుకో. జవాబు మాత్రం ఇంటికి కాదు, నేను పనిచేసే గ్లవ్స్ ఫ్యాక్టరీకి రాయి. చిరునామా వెనక రాశాను.

క్లినిక్‌లో నన్ను తూచారు. ఎనభై ఆరు కిలోలు. షుగర్ కూడా మొదలైంది. పదిహేను కిలోలైనా తగ్గాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆ మరునాడే గిడియన్ ఒక తూకం మిషన్ కొనుక్కొచ్చి వంటింట్లో ఫ్రిజ్ పక్కన పెట్టాడు. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే నేను దాని మీద ఎక్కాలి. పెళ్ళయి పన్నెండేళ్ళయినా పిల్లలు లేకపోవడానికి నా ఒళ్ళే కారణమని తల్లీ కొడుకూ తేల్చేశారు.

ఇప్పుడు నా ముందు రెండు దారులున్నాయి. ఒకటి పర్సనల్ ట్రైనర్. గిడియన్ మేనమామ కొడుకు తినేశ్ ఇక్కడే జిమ్‌లో ట్రైనర్‌గా ఉన్నాడు. వారానికి మూడు రోజులు పక్కనే నిలబడి కసరత్తు చేయిస్తాడట. గిడియన్ కోరిక ఇదే. రెండోది బాక్సింగ్. బస్‌స్టాండ్ దగ్గర టైర్ల షాపు పైన మేడ మీద ఆడవాళ్ళకు మాత్రమే క్లాసు నడుస్తోంది. నేర్పేది శాంతాదేవి అక్క, పోలీసులో చేసి రిటైరైంది. మన తెలుగావిడే. ఊరికే చూసి వద్దామని మెట్లెక్కితే, "ఏటమ్మా, గుమ్మంకాడే నిలబడిపోనావు? లోనికి రా లా" అంది, మాట చివర ఇక్కడి మలయ్ 'లా' తగిలించి. ఈ మలేషియాలో పరాయి మనిషి నోట మన మాట విని ఎన్నేళ్ళయిందో.

ఇంకో మాట. గిడియన్ నా మీద చెయ్యి చేసుకుంటాడు పిన్నీ. పెళ్ళయిన రెండో ఏడు నుంచీ. ఈ మాట ఎవరికైనా చెప్పడం ఇదే మొదటిసారి. బాక్సింగ్ అనగానే నాకు ఎందుకు ఆశ పుట్టిందో ఇప్పుడు నీకు అర్థమైందనుకుంటాను. అమ్మ పోయాక నన్ను పెంచినదానివి, నువ్వే చెప్పు. ఏది ఎంచుకోను?

నీ షెర్లీ

*

సుంగై సిపుట్,
20 ఫిబ్రవరి 2024

ప్రభువు నీడలో ఉన్న నా షెర్లమ్మకు పిన్ని దీవెనలు.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను, మోకాలు తప్ప. పెరట్లో గుమ్మడి తీగ పక్కింటి వీరసామి గోడెక్కి అటు కాస్తోంది. కాయలు ఆయన కోసుకుని, ఒకటి నాకు దానం చేస్తున్నట్టు తెచ్చిస్తున్నాడు. ఏమనగలను?

నీ ఉత్తరం రెండుసార్లు చదివి పెరట్లో కట్టెల పొయ్యిలో పెట్టేశాను. ఇలాంటి మాటలు కాగితం మీద ఇంట్లో ఉండకూడదమ్మా. ఎవరి చేతికైనా చిక్కితే పరువేం కాను? నువ్వూ నా ఉత్తరాలు దాచకు.

ఇక నువ్వడిగింది. ట్రైనర్ దగ్గరికే వెళ్ళు. మొగుడు తనంతట తాను నీ ఆరోగ్యం గురించి ఆలోచించి ఒక దారి చూపించాడు, అది చిన్న విషయం కాదు. ఆ అబ్బాయి కూడా ఇంటివాడే, భయం లేదు. ఆడది గుద్దులు నేర్చుకుంటోందని తెలిస్తే ఏ మగాడికైనా కోపం రెట్టింపవుతుంది గానీ తగ్గుతుందా? మీ చిన్నాన్న ఆంథోనీ మాత్రం తక్కువ కోపిష్టా? నేను సర్దుకుపోయాను. చివరికి ఆయన సంఘ పెద్ద అయ్యాడు. ఆయన ఫోటో ఇప్పటికీ మన ప్రార్థన హాల్లో ఉంది.

నూనె కారే ఆ రోటీ చనాయ్ పరోటాలు మానెయ్. పాలు, చక్కెర వేసిన టీ అసలే వద్దు. పొద్దున్నే మెంతులు నానబెట్టిన నీళ్ళు తాగు. శుక్రవారం ప్రార్థన కూటంలో నీ పేరు తలచుకుంటాను.

నీ మేలు తప్ప ఏమీ కోరని
పిన్ని

*

బంటింగ్,
24 మార్చి 2024

పిన్నికి,

నీ మాట విన్నాను. మూడు వారాలు తినేశ్ దగ్గరికి వెళ్ళాను. అతను చెడ్డవాడు కాదు. బరువులు ఎత్తేటప్పుడు నడుము నిటారుగా ఉంచమని ఓపిగ్గా చెబుతాడు. కానీ గిడియన్ అడిగినవన్నీ చెబుతాడు. ఎన్ని గంటలకు వచ్చాను, ఎవరితో నవ్వాను, బయట ఏం తిన్నాను. ఒకరోజు ఎవరో పెద్దాయన, నడక మిషన్ ఎలా ఆపాలో తెలియక నన్నడిగితే చూపించాను. నేను ఇల్లు చేరేలోపు ఆ కబురు ఇంటికి చేరిపోయింది. గిడియన్ గుమ్మంలోనే నిలబడి తన తమిళంలో "ఎన్న డీ, అక్కడ నువ్వు కూడా ట్రైనర్ అయిపోయావా?" అని నవ్వాడు. తలుపు మూశాక నవ్వలేదు. నా ఎడమ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా పైకి లేవడం లేదు.

అందుకని ఒక అబద్ధం ఆడాను. ఫ్యాక్టరీలో మంగళవారం, శనివారం ఓవర్‌టైమ్ పడిందని, అక్కడ నిలబడి చేసే పనికే బరువు తగ్గుతుందని చెప్పాను. ఆయన ఒక షరతు పెట్టాడు. ప్రతి ఆదివారానికీ మిషన్ అరకిలో తక్కువ చూపించాలి. చూపించకపోతే మళ్ళీ తినేశ్.

ఆ రెండు రోజులూ నేను టైర్ల షాపు మేడ మీద ఉంటున్నాను. మొదటి రోజు చేతులకు పట్టీలు చుట్టి, ఇక గుద్దమంటుందేమో అనుకున్నాను. శాంతాదేవి అక్క గుద్దనివ్వలేదు. "ముందు గెడ్డం కిందకెట్టు. సేతులు మొకానికి అడ్డమెట్టు. గుద్దడం ఎవుడైనా గుద్దుతాడు. సేతులు దించకుండా ఉండడమే సదువు" అంది. గంటసేపు అదే. ఇంటికొచ్చి వంట చేస్తుంటే గరిటె కూడా మొహానికి అడ్డంగా పట్టుకున్నాను. నాకే నవ్వొచ్చింది.

కోప్పడకు. నువ్వు ఎంచినదే ముందు ఎంచుకున్నాను, కుదరలేదు.

షెర్లీ

*

సుంగై సిపుట్,
4 ఏప్రిల్ 2024

షెర్లీకి,

ఈస్టర్ బాగా జరిగింది. నేను చేసిన కొబ్బరి అప్పాలు చాల్లేదు. నాకు కోపంగానే ఉంది కాబట్టి ముందు ఆ సంగతి చెప్పి మొదలుపెట్టాను.

కట్టుకున్నవాడితో అబద్ధం ఆడి, గుద్దులాట నేర్చుకుంటావా? ఏం చేద్దామని? అతన్ని తిరిగి కొడతావా? కొట్టాక ఆ ఇంట్లో ఎలా ఉంటావు? నేను ఉండలేదా? ఆంథోనీ బెల్టు తీసిన రోజు నేను ఎదురు మాట్లాడేదాన్ని కాదు. ఎస్టేట్‌లో రబ్బరు షీట్లు ఆరబెట్టే పొగ ఇల్లు గుర్తుందా? అందులోకి వెళ్ళి, వేలాడే షీట్ల వెనక కూర్చునేదాన్ని. కళ్ళు మండేవి. ఎవరైనా చూసినా పొగకు కళ్ళు ఎర్రబడ్డాయనుకునేవాళ్ళు. ఒకసారి నువ్వు వెతుక్కుంటూ వచ్చావు, ఆరేళ్ళుంటాయి నీకు. "పిన్నీ, దాగుడుమూతలా?" అన్నావు. అవునన్నాను. నువ్వూ నా పక్కన నక్కి కూర్చున్నావు.

ఇది ఎందుకు రాశానో నాకే తెలియదు. నువ్వు చెయ్యి గురించి రాసినప్పటి నుంచీ నిద్ర సరిగా లేదు. వేడి నీళ్ళ కాపడం పెట్టుకో.

పిన్ని

*

బంటింగ్,
19 మే 2024

పిన్నీ,

దాగుడుమూతలు కాదని నాకప్పుడే తెలుసు. నీ మెడ మీద బెల్టు వాత కనిపించింది. నువ్వు అవునన్నావని నేనూ ఆడాను.

నేను గిడియన్‌ని కొట్టడానికి నేర్చుకోవడం లేదు. అది నీకు సరిగ్గా చెప్పలేకపోయాను. శాంతాదేవి అక్క అందరికీ ఒకటే చెబుతుంది. కొట్టడం గెలవడానికి కాదు, తలుపు దాకా చేరడానికి. "ఒక్కటి తగిలించు, ఆడు ఎనక్కి తూలినప్పుడు తలుపుకి పరిగెట్టు. అంతే లా. ఆగి సూసినావో, సచ్చినావే" అంటుంది. మేం పదకొండుమందిమి. ప్రతి క్లాసు అయ్యాక ఆ మేడ మీద తలుపు దాకా పరుగెత్తి వెనక్కి వస్తాం. కింద టైర్ల షాపువాళ్ళకు మా అడుగుల చప్పుడు అలవాటైపోయింది.

బరువు డెబ్బై తొమ్మిదిన్నర! షుగర్ కూడా దిగింది. మెట్లెక్కితే ఆయాసం లేదు. పోయిన ఆదివారం గిడియన్ మిషన్ చూసి నా భుజం తట్టాడు. ఆయన చెయ్యి పైకి లేవగానే నా రెండు చేతులూ వాటంతట అవే మొహానికి అడ్డం వచ్చాయి. ఏమిటలా చేశావని అడిగాడు. ఈగ అన్నాను.

ఇప్పుడు అసలు సంగతి. శాంతాదేవి అక్కకు తెలిసినవాళ్ళ గది ఒకటి ఆగస్టులో ఖాళీ అవుతుంది. బట్టలు ఒక్కొక్కటిగా ఫ్యాక్టరీ లాకర్‌లోకి చేరుస్తున్నాను. అప్పటిదాకా ఆయనకు అనుమానం రాకూడదు. బాక్సింగ్ సంగతి నీకూ నాకూ ఆ మేడ మీదివాళ్ళకూ తప్ప ఎవరికీ తెలియదు. ఎవరికీ చెప్పకు పిన్నీ. నా ప్రాణం దాని మీదే ఉంది.

నీ షెర్లీ

*

సుంగై సిపుట్,
2 జూన్ 2024

నా బంగారు షెర్లీకి,

నీ ఉత్తరం చదివి తలుపు గడియ పెట్టుకుని, దిండును కుర్చీలో కూర్చోబెట్టి నేనూ ఒక గుద్దు గుద్దాను. అరవై ఏడేళ్ళ ముసలిదాన్ని. దిండు పడిపోయింది. ఎంత హాయిగా అనిపించిందో చెబితే నవ్వుతావు. రెండోసారి గుద్దేటప్పుడు దిండుకు ఒక మొహం కూడా వచ్చింది. దేవుడు నన్ను క్షమించాలి.

నువ్వు చెప్పినట్టే ఎవరికీ చెప్పలేదు. దేవుడికి మాత్రమే చెప్పాను. శుక్రవారం కూటంలో విన్నపాలు అడిగినప్పుడు లేచి నిలబడ్డాను. నీ పేరు ఎత్తలేదు, నాకు ఆ మాత్రం తెలియదా? బంటింగ్‌లో గ్లవ్స్ ఫ్యాక్టరీలో చేసే మా అక్క కూతురు అన్నాను, అంతే. మంగళ, శనివారాల్లో బాక్సింగ్ నేర్చుకుంటోందని, భర్తకు ఇంకా తెలియదని, అతని మనసు మెత్తబడి ఆ ఇల్లు నిలబడేలా ప్రార్థించమని అడిగాను. అందరూ ఎంత గట్టిగా ఆమెన్ అన్నారో! విన్నపాల జాబితా రాసే దర్షిణి దాన్ని తమిళంలో టైపు చేసి ఫోన్లలో పంపిస్తుంది. మన జాబితా ఇపో, క్లాంగ్ ఊళ్ళ సంఘాలకు కూడా వెళ్తుందట. నూట ఎనభై మంది ఈ వారమంతా నీకోసం మోకాళ్ళ మీద ఉంటారు షెర్లీ. నువ్వు ఒంటరిదానివి కాదు.

గుమ్మడికాయలు ఈసారి నేనే ముందు కోశాను.

నీ కోసం గుద్దులు నేర్చిన
పిన్ని

*

సుంగై సిపుట్,
23 జూన్ 2024

షెర్లీకి,

మూడు వారాలయింది, నీ నుంచి ఒక్క ముక్క లేదు. నా మీద కోపమా? దిండు సంగతి రాసి నీ బాధను ఆటగా తీసుకున్నాననుకున్నావా? ఫోన్ చేస్తే మోగడం లేదు.

నిన్న గిడియన్ వాళ్ళమ్మ ఫోన్ చేసింది. నువ్వు మెట్ల మీద జారిపడ్డావని, ఇప్పుడు బాగానే ఉన్నావని, కంగారు పడొద్దని చెప్పింది. చాలా మర్యాదగా మాట్లాడింది. క్లాంగ్‌లో వాళ్ళ సంఘానికి కూడా మన జాబితా వచ్చిందట, అందులో నీ గురించి చదివిందట. "మీరు ఇంత భక్తిగా ప్రార్థిస్తారని తెలియదు" అంది. నేను థాంక్స్ చెప్పాను. ఫోను పెట్టేశాకే నాకు తట్టింది.

మీ ఇంటికి మెట్లు లేవు కదా షెర్లీ. నేను వచ్చినప్పుడు మేడ లేదే. ఒక్క ముక్క రాయి తల్లీ.

పిన్ని

*

14 జూలై 2024

పిన్నికి,

ఈ ఉత్తరం శాంతాదేవి అక్క ఇంటి నుంచి రాస్తున్నాను. నా దవడ రెండుచోట్ల విరిగింది. కింది పళ్ళనూ పై పళ్ళనూ తీగలతో కలిపి కట్టేశారు. ఇంకో వారం దాకా నోరు తెరవలేను. గంజి, పాలు, చారు గొట్టంతో పీల్చుకోవాలి. నిన్న హాస్పిటల్‌లో తూచారు. అరవై తొమ్మిది. బరువు తగ్గడానికి బాక్సింగూ ట్రైనరూ రెండూ దండగ పిన్నీ, దవడకు తీగలు కడితే చాలు.

జూన్ తొమ్మిది, ఆదివారం. చర్చి అయ్యాక వాళ్ళమ్మ గిడియన్‌ను పక్కకు పిలిచి ఫోన్ చూపించింది. ఇంటికి రాగానే మిషన్ ఎక్కమన్నాడు. ఎక్కాను. మిషన్ మీద ఉండగానే మొదటి దెబ్బ వచ్చింది. నా చేతులు అడ్డం వచ్చాయి. రెండోదీ తగల్లేదు. నేర్చుకున్నదంతా పనిచేసింది. ఒక్కటి కొట్టాను, ఆయన ముక్కు పగిలి వెనక్కి తూలాడు. ఆగి చూడలేదు, తలుపుకి పరుగెత్తాను. తలుపు తీసే ఉంది. బయటి ఇనుప గ్రిల్లుకు తాళం వేసి ఉంది. ఎప్పుడూ పగలు వెయ్యడు. ఆ తాళం కప్పను లాగడానికి రెండు చేతులూ కిందికి దించాను.

తరవాతిది నాకు సరిగా తెలియదు. పక్కింటి అరుముగం అంకుల్ తాళం కోసి నన్ను బయటికి తెచ్చాడట.

పోలీసు రిపోర్టు ఇచ్చాం. గిడియన్ కూడా ఇచ్చాడు. తనమీద దాడి చేయడానికి నేను నెలల తరబడి దొంగతనంగా సిద్ధమయ్యానని, ముందు కొట్టింది నేనేనని. సాక్ష్యంగా మీ ప్రార్థన జాబితా చూపించాడు. 'బాక్సింగ్ నేర్చుకుంటోంది, భర్తకు తెలియదు' అని తమిళంలో స్పష్టంగా ఉంది. ముక్కు ఫోటో కూడా ఇచ్చాడు. ఇప్పుడు బయటే తిరుగుతున్నాడు. రోజూ ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడుతున్నాడట, అక్కడికి రాయకు.

నీ మీద అరవడానికి నాకు నోరు లేదు, నిజంగానే. ఒకటే అడుగుతున్నాను. ఆడవాళ్ళకు సాయం చేసే సంఘం నుంచి ఒక లాయరమ్మ వస్తోంది. నేను బాక్సింగ్‌లో చేరకముందే ఆయన కొట్టేవాడని చూపించే కాగితం ఏదైనా ఉందా అని అడిగింది. క్లినిక్‌లో ఎప్పుడూ పడిపోయాననే చెప్పాను. ఉన్నదొక్కటే, ఫిబ్రవరిలో నేను నీకు రాసిన మొదటి ఉత్తరం. మార్చిది కూడా. నువ్వు దాచొద్దన్నావని నీ జవాబులు నేను ఉంచలేదు. పొయ్యిలో పెట్టానని రాశావు, గుర్తుంది. కానీ కోపంలోనో భయంలోనో అలా రాసి, నిజానికి బైబిల్లో ఎక్కడో దాచి ఉంటావని ఆశ. ఉంటే వెనక రాసిన టైర్ల షాపు చిరునామాకి పంపు.

షెర్లీ

*

సుంగై సిపుట్,
28 జూలై 2024

షెర్లీ,

లేదు తల్లీ. కాల్చేశాను. అన్నీ కాల్చేశాను. నీ ఉత్తరం చూశాక పొయ్యిలో బూడిద కూడా కెలికాను, పిచ్చిదానిలా. బైబిల్ ప్రతి పేజీ తిప్పాను. ఏమీ లేదు.

నా నోటితో నీ దవడ విరిచాను. ఈ మాట రాసి అరగంట నుంచి చూస్తూ కూర్చున్నాను. ఇంకెలా రాసినా అబద్ధమవుతుంది.

మొన్న శుక్రవారం కూటానికి వెళ్ళాను. విన్నపాలు అడిగారు. లేచాను. ఆంథోనీ ఫోటో నా ఎదురుగానే ఉంది. అప్పుడు నాకు కూటం మాట రాలేదు, ఎస్టేట్ మాటే వచ్చింది. "ఒక సోదరి కోసం కాదు, నాకోసమే అడుగుతాను. నా పేరు లూసీ. ఆ గోడమీదున్న పెద్దాయన నన్ను ముప్పై ఒక్క యేడు బెల్టుతో కొట్టినాడు. మీరందరూ యిన్నారు, ఎస్టేటు లైను ఇళ్ళ గోడలు పలచన. ఒక్కరూ రానేదు. నేనూ సెప్పనేదు. మొన్న నా కూతురి సంగతి ఇక్కడ సెప్పి, నేనే దాన్ని ఆడి సేతికి ఇచ్చినాను. ఇప్పుడనండి ఆమెన్" అన్నాను.

ఎవరూ అనలేదు. దర్షిణి విన్నపాల పుస్తకం మూసేసింది. వెనక నుంచి ఎవరో పాట ఎత్తుకున్నారు, అందరూ అందుకున్నారు. కూటం అయ్యాక ఎప్పుడూ నన్ను కారులో దింపేవాళ్ళు కనిపించలేదు. ఈ మోకాలి నొప్పితోనే నడిచి వచ్చాను.

లాయరమ్మకు నేను వచ్చి చెబుతాను, ఉత్తరంలో ఏముందో ప్రతి అక్షరం నాకు గుర్తుంది. ప్రమాణం చేసి చెబుతాను. నీ దగ్గరే ఉండి గంజి కాచి పెడతాను. చిన్నప్పుడు జ్వరం వస్తే నా చేతి గంజి తప్ప తాగేదానివి కాదు. ఆగస్టులో వెళ్తానన్న గది ఎక్కడో రాయి. చిరునామా పంపిన రోజే బస్సెక్కుతాను.

నీ పిన్ని లూసీ

*

11 ఆగస్టు 2024

పిన్నీ,

తీగలు తీసేశారు. నోరు వేలెడు తెరుచుకుంటోంది. అన్నం మెత్తగా పిసికి తింటున్నాను. బరువు అరవై ఎనిమిది, డాక్టరమ్మ ఇక తగ్గొద్దంది.

లాయరమ్మకు నీ సంగతి చెప్పాను. కాగితం కాలిపోయాక పెంచిన పిన్ని జ్ఞాపకం ఎంతవరకు నిలుస్తుందో చెప్పలేనంది. అవసరమైతే ఆమే నీకు ఫోన్ చేస్తుంది. ఆమె అడిగినప్పుడు, ఆమెకు మాత్రమే చెప్పు.

నువ్వు కూటంలో నిలబడ్డ సంగతి నాలుగుసార్లు చదివాను. నాలుగుసార్లూ ఏడ్చాను. పొగ ఇంట్లో నీ పక్కన కూర్చున్నప్పుడు ఆ మాట నీ నోట వినాలని ఉండేది. ముప్పై రెండేళ్ళు ఆలస్యంగా విన్నాను.

కానీ చిరునామా పంపను. నీ మీద ప్రేమ లేక కాదు. నీకు చెబితే నువ్వు దేవుడికి చెబుతావు. దేవుడికి చెబితే శుక్రవారానికి అందరికీ తెలుస్తుంది. నువ్వు ఇక చెప్పనంటావు, నిజంగానే అంటావు. నేను నమ్ముతాను కూడా. అయినా పంపలేను. ఈ కొత్త గది గ్రిల్లు తాళం చెవి నా మెళ్ళో ఉంటుంది. ఇది నాకూ అక్కకూ తప్ప ఇంకెవరికీ తెలియని ఇల్లయితేనే నాకు నిద్ర పడుతుంది.

టైర్ల షాపుకి కూడా ఇక రాయకు. శాంతాదేవి అక్క క్లాసు వేరే చోటికి మారుస్తోంది. గిడియన్ అక్కడికీ రావడం మొదలుపెట్టాడు.

నాకు చెప్పాలనిపించినవన్నీ రాసి నీ దగ్గరే ఉంచు. ఎప్పుడో ఒకరోజు వచ్చి చదువుకుంటాను. ఈసారి కాల్చకు.

షెర్లీ